ఇద్దరూ పలకాల్సిన లెక్క

నాకు కోపం ఎక్కువ. నా గురించి ఎవరిని అడిగినా ముందు ఈ మాటే చెబుతారు కాబట్టి నేనే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. బడిలో నన్ను డ్రిల్లు మాస్టారు అంటారు. మైదానం ఈ చివర నిలబడి ఒక్క అరుపు అరిస్తే ఆ చివర గోడెక్కి కూర్చున్నవాడు దిగి వచ్చి వరసలో నిలబడేవాడు. అలాంటి గొంతు నాది. దాన్ని చూసుకుని కాస్త మురిసిపోయేవాణ్ణి కూడా, అబద్ధమెందుకు?

ఆ గొంతులోనే గడ్డ లేచింది. స్వరపేటిక మొత్తం తీసేస్తే తప్ప మనిషి దక్కడన్నారు. తీసేశారు, మనిషి దక్కాడు. ఇప్పుడు నేను ఊపిరి పీల్చేది మెడ కింద పెట్టిన రంధ్రంలోంచి. మాట సంగతి సరే, ఈల కూడా ఊదలేను. ఊదడానికి నోట్లోకి గాలి రావాలి కదా. నేను చెప్పదలచుకున్నదంతా ఒక చిన్న పలక మీద రాస్తాను. కోపంలో రాస్తే సుద్దముక్క విరుగుతుంది. మా ఇంట్లో నిండు సుద్దముక్క అనేది లేదు.

హెడ్మిస్ట్రెస్ గారు మంచావిడే. ఆపరేషన్ తర్వాత ఇంటికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, చెప్పడానికి నానా తంటాలు పడింది.

"మాస్టారూ, మీరు బడికి రాకపోవడమనే మాటే లేదు. స్టోరు రూము చూసుకోండి. బంతులు, మ్యాట్లు, జెర్సీలు... హాయిగా నీడపట్టున ఉంటుంది."

నేను పలక మీద "గ్రౌండు?" అని రాసి చూపించాను.

"గ్రౌండు మీకెందుకివ్వనండీ? కానీ ఒక పిల్ల ఇనుప గుండు విసరబోతోంది, ఇంకో పిల్ల చూసుకోకుండా అడ్డంగా పరిగెత్తింది అనుకోండి. ఎవరు ఆపుతారు? మీరు అరిచి ఆపగలిగితే చాలు, గ్రౌండు మీదే."

ఆవిడ మాటలో తప్పు లేదు. తప్పు లేదనే నాకు ఇంకా మండింది. స్టోరు రూములో బంతులకి డ్రిల్లు నేర్పమంటారా అని రాద్దామనుకునేలోపు సుద్దముక్క విరిగింది. మంచినీళ్ళు తెచ్చిన మా ఆవిడ గ్లాసు హెడ్మిస్ట్రెస్ గారి చేతికిచ్చి, చాలా మామూలుగా, "ఆయన అరుస్తారండీ. కొంచెం టైమివ్వండి" అంది.

హెడ్మిస్ట్రెస్ గారు నా మెడ వైపు చూసింది, మా ఆవిడ వైపు చూసింది. కొత్త టర్ము మొదలయ్యే సోమవారం గ్రౌండులో చూద్దామని చెప్పి, నీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

మా ఆవిడ నర్సు. చాలా ఏళ్ళు వార్డులో చేసి, ఇప్పుడు ఆపరేషన్ థియేటర్లో చేస్తోంది. ఏ ఆపరేషన్ తర్వాత ఏం మిగులుతుందో, ఏం మిగలదో ఆమెకి నాకంటే ముందే తెలుసు. అందుకే నన్ను ఆసుపత్రిలో చేర్చకముందే ఫోను ముందు కూర్చోబెట్టి నా గొంతు రికార్డు చేయించింది. "ప్రేమగా నాలుగు మాటలు చెప్పండి, దాచుకుంటాను" అంది. ఫోనుతో ప్రేమగా మాట్లాడటం నావల్ల కాదన్నాను. గ్రౌండులో వాడే మాటలే వరసపెట్టి అరిచేశాను. అటెన్షన్. స్టాండెటీజ్. వరస చూసుకో. పరుగెత్తు. ఆగు. ఆఖర్న, ఊపిరి మిగిలింది కదా అని, శభాష్.

ఆ శభాష్ సంగతి చెప్పాలి. అది నేను ఎవరికీ ఊరికే ఇచ్చేది కాదు. ఇచ్చానంటే గ్రౌండులో ఉన్నవాళ్ళంతా ఆ పిల్ల వైపు తిరిగి చప్పట్లు కొట్టాలి, అది నేను పెట్టిన నియమం. మాస్టారి శభాష్ కంటే బడికి సెలవు తొందరగా దొరుకుతుందని పిల్లలు నా వెనక నవ్వుకునేవారు. నాకు తెలుసు, నా చెవులకేం జబ్బు లేదు.

అలా నా గొంతు ఫోనులోకి వెళ్ళి కూర్చుంది. దాన్ని బయటికి రప్పించాలి. టైపు చేస్తే చదివిపెట్టే యాప్‌లు బోలెడున్నాయి. కానీ నేను టైపు చేసేలోపు గుండు పడాల్సిన చోట పడిపోతుంది. పైగా ఆ గొంతు నాది కాదు, ఎవరో మర్యాదస్తుడిది. మా ఆవిడకి కావాల్సింది వేరు. తెర మీద పెద్ద పెద్ద బటన్లు, చూడకుండా నొక్కినా తగిలేటట్టు. నొక్కగానే నా గొంతు నడుముకి కట్టుకున్న స్పీకరులోంచి మైదానమంతా వినపడాలి. మా ఫోనులో అలాంటిది తయారు చేయాలంటే స్విఫ్ట్ అనే కంప్యూటరు భాష నేర్చుకోవాలట. డ్యూటీ అయ్యాక లైబ్రరీ మేడ మీద చెప్పే క్లాసులో చేరిపోయింది.

పాఠం చెప్పే అమ్మాయికి మా ఆవిడ వయసులో సగం ఉంటుంది. మా ఆవిడ ఆ అమ్మాయిని మేడమ్ అనేది, ఆ అమ్మాయి మా ఆవిడని ఆంటీ అనేది. నేను కూడా వెంట వెళ్ళి వెనక బెంచీలో కూర్చునేవాణ్ణి. ఇంట్లో కూర్చుని చేసేదేముంది?

మొదటి రోజే మా ఆవిడ రాసిన చిన్న ముక్క తెరనిండా ఎర్రబడింది. పైనుంచి కిందదాకా తప్పులే. పుస్తకం చూసి ఇంటిదగ్గర ఫోనులో రాసుకుని తెచ్చి లాప్‌టాప్‌లో అతికించింది. ఆమె మొహం చూస్తే నాకు జాలేసింది.

"కంగారు పడకండి ఆంటీ. ఎప్పుడూ పైన ఉన్న మొదటి ఎర్ర గీత దగ్గరికే వెళ్ళండి" అంది ఆ అమ్మాయి. "కింద ఉన్నవాటిలో సగం దాని పిల్లలే. చూడండి, మాటకి అటూ ఇటూ పెట్టిన ఈ కొటేషన్ గుర్తులు వంకర తిరిగి ఉన్నాయి. ఫోను అందం కోసం అలా మారుస్తుంది. దీనికి నిటారుగా ఉన్నవే కావాలి."

ఆ వంకర గుర్తులు తీసి నిటారువి పెట్టగానే ఎర్ర గీతలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. మా ఆవిడ వెనక్కి తిరిగి నా వైపు చూసింది. జ్వరం దిగిన పేషెంటుని చూసే చూపది.

ఇంకో రోజు సమానం గుర్తు దగ్గర గొడవ. దానికి రెండు పక్కలా ఖాళీ ఉండొచ్చు, రెండు పక్కలా లేకుండానూ ఉండొచ్చు. ఒక పక్క ఉండి ఇంకో పక్క లేకపోతే మాత్రం స్విఫ్ట్ ఒప్పుకోదు. అది విని నేను బెంచీ మీద చరిచాను. చేతులు చాపి అటూ ఇటూ ఎడం సరిచూసుకోమని జన్మంతా పిల్లలకి చెప్పింది నేనే కదా! ఆ క్షణం నుంచి ఆ భాష మీద నాకు గౌరవం పుట్టింది. మీసాల బ్రాకెట్టు తెరిచి మూయకుండా వదిలేస్తే ఊరుకోదు. పెద్దక్షరంతో పెట్టిన పేరుని చిన్నక్షరంతో పిలిస్తే పలకదు. ఇంత క్రమశిక్షణ మా బడిలో ఉంటే నాకు గొంతు చించుకునే పనే ఉండేది కాదు.

మా ఆవిడ తప్పులు కొన్ని అందరూ చేసేవే. కొన్ని నర్సులు మాత్రమే చేసేవి. వాల్యూమ్ ఎంతో రాసేటప్పుడు దాన్ని లెట్ అని పెట్టింది. లెట్ అని పెడితే ఇక మార్చడానికి లేదు. మారేదైతే వార్ అని పెట్టాలి. తర్వాత వాల్యూమ్ పెంచబోతే యంత్రం ససేమిరా అంది.

"ఇదేంటి ఆంటీ, మారేదాన్ని లెట్ అని ఎందుకు పెట్టారు?"

"డోసు కదా మేడమ్. ఒకసారి రాశాక మనం మార్చకూడదు కదా" అంది మా ఆవిడ. ఆ అమ్మాయి పడీ పడీ నవ్వింది. నేను కూడా నవ్వాను. నా నవ్వుకి చప్పుడు ఉండదు, భుజాలు కదులుతాయి అంతే.

చెరపడం అనేది మాత్రం ఆమెకి చేతకాలేదు. స్విఫ్ట్‌లో ఏదైనా ముక్క అక్కర్లేదనుకుంటే దాని ముందు ఒక ఏటవాలు గీత, ఒక నక్షత్రం గుర్తు పెట్టి, వెనక నక్షత్రం, గీత పెట్టి మూసేయొచ్చు. మధ్యలో ఉన్నది బూడిద రంగులోకి మారుతుంది. మనుషులు చదువుకోవచ్చు, యంత్రం పట్టించుకోదు. మా ఆవిడ మార్చిన ప్రతి ముక్కనీ అలాగే ఉంచి, కింద కొత్తది రాసేది.

"పాతవి తీసెయ్యండి ఆంటీ, గందరగోళంగా ఉంది" అని ఆ అమ్మాయి ఎంత చెప్పినా వినలేదు.

"కేసు షీటులో తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి. కింద ఏముందో కనపడాలి. చెరిపితే మనమేదో దాచినట్టు లెక్క. నా సర్వీసులో నేను ఒక్క అక్షరం చెరపలేదు మేడమ్" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మెడ కాస్త నిటారైంది.

సోమవారం రానే వచ్చింది, అంటే దాని ముందు ఆదివారం వచ్చింది. బటన్లన్నీ పనిచేస్తున్నాయి, శభాష్ తప్ప. అది వద్దులే అని రాశాను. మా ఆవిడ వినలేదు. "మందలించే బటన్లు అన్ని పెట్టి, మెచ్చుకునేది ఒక్కటి పెట్టకపోతే ఎలాగండీ?" అని మధ్యాహ్నం భోజనం కాగానే లాప్‌టాప్ ముందు కూర్చుంది. దానికోసం పైన కొన్ని ముక్కలు మార్చాల్సి వచ్చింది. పాతవాటిని మూసేస్తూ కొత్తవి రాస్తోంది. మధ్యలో ఆసుపత్రి నుంచి ఫోను, ఎవరి డ్యూటీ ఎవరు చేయాలో తేలక. ఆ తగువు తీర్చి వచ్చి, మళ్ళీ కూర్చుని, నడిపించే బటన్ నొక్కింది.

నడవలేదు. తెర సగం నుంచి కిందదాకా అంతా బూడిద రంగు. అటెన్షన్ పోయింది, ఆగు పోయింది, పరుగెత్తు పోయింది. కింద చిట్టచివర ఒక్క ఎర్ర గీత. తెరిచిన గీతా నక్షత్రం ఎక్కడో మూయలేదని దాని అర్థం. ఎక్కడ తెరిచిందో కూడా చూపిస్తోంది. మా ఆవిడ అక్కడికి వెళ్ళి చూసింది.

"దీన్ని మూశాను కదండీ! ఇదిగో, ఇక్కడ మూసే ఉంది!"

నిజంగానే మూసి ఉంది. మూసి ఉన్నదాన్ని మూయలేదంటోంది. పాఠం చెప్పే అమ్మాయికి ఫోను చేస్తే ఎత్తలేదు. ఆదివారం, ఎందుకెత్తుతుంది? నేను ఒంటికాలి మీద లేచాను. గదిలో అటూ ఇటూ తిరిగాను. పలక తీసుకుని, పలకంతా పట్టేలా "స్టోరు రూమే గతి" అని రాసి ఆమె మొహం ముందు పెట్టాను.

ఆమె అది చదివింది. చదివి, అరచేత్తో ఒక్క తుడుపు తుడిచేసింది. ఒక్క అక్షరం చెరపని మనిషి!

"నా థియేటర్లో ఎవరూ ఇలా మాట్లాడరు. కూర్చోండి. లెక్క పెడదాం."

ఏం లెక్క అన్నట్టు చెయ్యి తిప్పాను.

"పొట్ట తెరిచి ఆపరేషన్ చేశాక, మళ్ళీ కుట్టేముందు లెక్క పెడతాం. లోపలికెళ్ళిన గుడ్డముక్కలన్నీ బయటికొచ్చాయా లేదా అని. లెక్క తేలకపోతే డాక్టరు చేతిలో సూది అలా ఆగిపోవాల్సిందే. ఒక్కళ్ళు లెక్కపెడితే చెల్లదు. ఇద్దరు పెట్టాలి, ఇద్దరూ పైకి పలకాలి. నేను చెప్తాను, మీరూ పలకండి."

నేను నా మెడ వైపు వేలు చూపించాను.

"చేతులున్నాయి కదా, కాళ్ళున్నాయి కదా. తెరిచాం అంటే చప్పట కొట్టండి. మూశాం అంటే కాలు నేలకి కొట్టండి, పిల్లల చేత కొట్టిస్తారుగా, అలాగ."

మొదలుపెట్టాం. ఆమె తెర మీద పైనుంచి వేలు దింపుకుంటూ వస్తోంది. "తెరిచాం." చప్పట. "మూశాం." కాలు. "తెరిచాం." చప్పట. గ్రౌండులోలాగే నిటారుగా నిలబడి మడమ దించుతున్నాను. చాలా రోజుల తర్వాత నా ఒంట్లోకి నా ఉద్యోగం వచ్చింది. కాసేపటికి తలుపు దగ్గర కింది వాటా పిన్నిగారు ప్రత్యక్షమైంది.

"ఏంటమ్మా ఆ దరువు? పైకప్పు మీద పడుతుందేమోనని వచ్చాను."

"లెక్క పెడుతున్నాం పిన్నిగారూ. మధ్యలో ఆపకూడదు, కూర్చోండి" అంది మా ఆవిడ తల తిప్పకుండా. పిన్నిగారు గోడకి ఆనుకుని కూర్చుని, నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

తెరిచాం, తెరిచాం, మూశాం. తెర అయిపోయింది. ఇంకో మూశాం రావాలి. రాలేదు. నా కాలు పైకి లేచి అలాగే ఉండిపోయింది. మా ఆవిడ నా కాలు వైపు చూసింది. మళ్ళీ తెర వైపు చూసింది.

"ఒకటి లోపలే ఉండిపోయింది" అంది మెల్లగా. అప్పుడు ఆ చోటికి వెళ్ళింది. "ఫోనొచ్చింది ఇక్కడే. ఈ పాతముక్క మూస్తూ, దాని లోపల ఇంకోటి తెరిచాను. ఫోను పెట్టేసి వచ్చి ఒక్కటే మూశాను. ఆ మూత లోపలిదానికి సరిపోయింది. బయటిది తెరిచే ఉంది. అది అబద్ధం చెప్పలేదండీ, నాకే కనపడలేదు."

తెలిసిపోయింది కదా, ఇంకో నక్షత్రం, గీత పెట్టి మూసేస్తే సరి. నేనైతే అదే చేసేవాణ్ణి. ఆమె చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఆ బూడిద రంగు వైపే చూస్తూ కూర్చుంది.

"నేను వార్డు పద్ధతిలో రాస్తున్నాను" అంది. "వార్డులో ఏదీ చెరపకూడదు, నిజమే. కానీ ఇది వార్డు కాదండీ, థియేటరు. ఇక్కడ అక్కర్లేనిది ఏదీ లోపల ఉంచి కుట్టకూడదు."

పాతముక్కలన్నీ ఒక్కొక్కటే తీసేసింది. ప్రతిదాన్నీ తీసేముందు పైకి చదివింది. నేను ప్రతిదానికీ కాలు కొట్టాను. అంతా అయ్యాక ఇంకో ఎర్ర గీత బయటపడింది, శభాష్ దగ్గర. అది చూసి ఆమె నవ్వేసింది. వంకర కొటేషన్ గుర్తు. ఆ మాటని పొద్దున ఫోనులో రాసుకుని పెట్టుకుందట. ఎవరినీ అడక్కుండా, రెప్పపాటులో నిటారువి పెట్టేసింది. మొదటి రోజు తెరనిండా ఎర్రగా చూసి బిక్కమొహం వేసిన మనిషి!

పిన్నిగారు, ఇక దరువు అయిపోయింది కదా అని, లేచి మెట్లు దిగుతోంది. మా ఆవిడ ఫోనులో ఆగు బటన్ నొక్కింది.

"ఆగు!"

నా గొంతు. కిటికీ అద్దాలు అదిరాయి. మెట్ల మీద పిన్నిగారు కొయ్యబారిపోయింది. తర్వాత రెండేసి మెట్లు ఎక్కి వెనక్కి వచ్చి, "మాస్టారూ, మాటొచ్చిందా?" అని నా రెండు చేతులూ పట్టుకుంది. నేను మా ఆవిడ వైపు చూపించాను. ఇంకేం చేయగలను? నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

బటన్లన్నీ ఒక్కోటి నొక్కి చూశాం. శభాష్ మీదికి ఆమె వేలు వెళ్ళబోతే ఆపాను. పలక మీద రాశాను: "అది ఊరికే ఇచ్చేది కాదు."

"పనిచేస్తుందో లేదో చూడొద్దా?"

వద్దని తల ఊపాను. మీ మొండితనానికో దండం అంది.

సోమవారం పొద్దున నడుముకి స్పీకరు కట్టుకుని గ్రౌండులోకి దిగాను. మా ఆవిడ డ్యూటీకి వెళ్తూ గేటు దగ్గర నిలబడింది, భుజాన బ్యాగుతో. హెడ్మిస్ట్రెస్ గారు నా పక్కన నిలబడింది. పిల్లలు నన్ను చూసి గుసగుసలాడుకుంటున్నారు. పలక తెస్తాననుకున్నారు కాబోలు.

అటెన్షన్ నొక్కాను. ఆ గొంతు విన్న పెద్ద పిల్లల మొహాలు చూడాలి! వాళ్ళ మడమలు వాళ్ళకి తెలియకుండానే కలిసిపోయాయి. వరస చూసుకో. చేతులు చాపి చూసుకున్నారు. పరుగెత్తు. పరుగెత్తారు. మైదానం అవతలి చివరకి వెళ్ళి, గోల గోలగా మలుపు తిరుగుతున్నప్పుడు హెడ్మిస్ట్రెస్ గారు నా వైపు వంగింది.

"ఇప్పుడు ఆపండి మాస్టారూ."

ఫోను వైపు చూడకుండానే నొక్కాను.

"ఆగు!"

మైదానమంతా ఆగిపోయింది. ఒక పిల్ల ఒక కాలు పైకెత్తి, దించొచ్చో లేదో తెలియక అలాగే నిలబడింది. గాలికి జెండా తాడు స్తంభానికి కొట్టుకుంటున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. హెడ్మిస్ట్రెస్ గారు నా వైపు తిరిగి, "స్టోరు రూముకి ఇంకొకళ్ళని చూసుకుంటాను" అంది.

నేను గేటు వైపు తిరిగాను. మా ఆవిడ అప్పటికే చేతి గడియారం చూసుకుని వెళ్ళబోతోంది. నడుము దగ్గర స్పీకరుని అటు తిప్పి, ఆ చివరి బటన్ మీద వేలు పెట్టాను. పనిచేస్తుందో లేదో తెలియదు. నొక్కాను.

"శభాష్!"

నా పూర్వపు గొంతు, ఊపిరి నిండుగా ఉన్నప్పటిది, మైదానం దాటి గేటుదాకా వెళ్ళింది. పిల్లలకి నియమం తెలుసు. శభాష్ ఎవరికని అందరూ నా చూపు వెంట తిరిగారు, బడిబడంతా గేటు వైపు చప్పట్లు కొట్టింది.

మా ఆవిడ ఆగింది. ఎవరికోనని వెనక్కి తిరిగి వీధిలోకి చూసింది. అక్కడ ఎవరూ లేరు. మళ్ళీ ఇటు తిరిగి నన్ను చూసేసరికి, ఆమెకి అర్థమయ్యేలా, ఇంకోసారి నొక్కాను.